ఏ ఉసిరికాయంత గడ్డ?

ఉత్తరం: మాది ఆమదాలవలస. నా వయసు 58. మా పిల్లి మల్లికి పదకొండేళ్లు. రెండుసార్లు పిల్లలు పెట్టాక, ఐదో ఏట ఆపరేషన్ చేయించాం. రెండు నెలల క్రితం పొట్ట మీద చనుమొన పక్కన బఠాణీ గింజంత గడ్డ చేతికి తగిలింది. ఇప్పుడు ఉసిరికాయంత అయింది. ఇక్కడి డాక్టరుగారు క్యాన్సర్ కావచ్చు, వెంటనే తీయించండి అన్నారు. బెంగళూరులో ఉన్న మా అబ్బాయి ఫోనులో ఏదో చదివి, ఎలాగూ ఏడాదే కదా, ఈ వయసులో దానికి కోత ఎందుకు అంటున్నాడు. పక్కింటి పెద్దమ్మ కత్తి తగిలితే పాకుతుంది, జిల్లేడు పాలు రాయండి అంటోంది. చేయించినా పైడితల్లి సిరిమాను సంబరం అయ్యాకే కుదురుతుంది. మా పుట్టిల్లు విజయనగరం, పండక్కి అక్కడ ఉండాలి, ఇంకా ఐదు వారాలుంది. అసలు మల్లి ఎన్నాళ్లు బతుకుతుంది? నేను పెట్టిన ఎండు నెత్తళ్లే దీనికి కారణమా? ఇంట్లో నాలుగు నెలల ఆడపిల్లి కూన ఇంకొకటి ఉంది, దానికీ వస్తుందా? ఈలోగా నొప్పికి పావు పారాసిటమాల్ వేయవచ్చా?

జవాబు:

అమ్మా,

మీరు అడిగిన వరుసలో జవాబు చెప్పను. ఆఖరున మాటవరసకు అడిగినట్టున్న ప్రశ్నే అన్నిటికంటే తొందరది. పారాసిటమాల్ వేయవద్దు. పావు మాత్ర మాట అటుంచండి, గోటితో గీకినంత కూడా వద్దు. ఆ మందును విరిచి బయటికి పంపే పని మన కాలేయానికి వచ్చు, పిల్లి కాలేయానికి దాదాపు రాదు. విరగక మిగిలిన మందు రక్తంలోని ఎర్రకణాలను పాడుచేస్తుంది. చిగుళ్లు చాక్లెట్ రంగుకు తిరుగుతాయి, మొహమూ పాదాలూ వాస్తాయి, ఊపిరి అందదు. మనం వేసుకునే 500 మిల్లీగ్రాముల మాత్ర ఒక్కటి పిల్లిని చంపడానికి చాలు. ఉత్తరం రాశాక ఆగలేక ఇప్పటికే వేసి ఉంటే, ఇది చదవడం ఆపి ఆసుపత్రికి బయలుదేరండి. విరుగుడు మందు ఉంది, ఎంత ముందు పడితే అంత మేలు. ఇంట్లో ఉండే డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ కూడా మల్లికి విషమే. పిల్లులకు నొప్పి మందులు వేరే ఉన్నాయి, వాటిని డాక్టరు బరువు తూచి, మూత్రపిండాలు ఎలా ఉన్నాయో చూసి ఇస్తారు.

పెద్దమ్మగారి జిల్లేడు పాలు కూడా వద్దని ఆమె మనసు నొప్పించకుండా చెప్పండి. అవి తోలును కాలుస్తాయి, గడ్డ పుండు అవుతుంది, పిల్లి ఆ పుండును నాకుతుంది. మీకు ఒక జబ్బుకు రెండు జబ్బులు.

ఇక అసలు ప్రశ్న. ఎన్నాళ్లు? దానికంటే ముందు నేనొకటి అడగాలి. మల్లి గడ్డ ఏ ఉసిరికాయంత ఉంది? పిల్లలు ఉప్పద్దుకుని తినే రాచ ఉసిరికాయంతా, పచ్చడి పెట్టుకునే పెద్ద ఉసిరికాయంతా? వేళాకోళానికి అడగడం లేదు. రాచ ఉసిరి అడ్డుకొలత సాధారణంగా రెండు సెంటీమీటర్లకు లోపు. పచ్చడి ఉసిరి మూడుకు దగ్గర, బాగా ఎదిగిందయితే దాటుతుంది. మీరు అడిగిన "ఎన్నాళ్లు" అనేది ఎక్కువగా ఆ రెండు కాయల మధ్యే తేలుతుంది.

పిల్లి పాల గ్రంథుల క్యాన్సర్ మీద అమెరికాలో 1984లో వచ్చిన ఒక పరిశీలన ఇప్పటికీ మా పశువైద్యుల నోట నలుగుతూనే ఉంటుంది. ఆపరేషన్ చేసే రోజుకు గడ్డ రెండు సెంటీమీటర్లకు లోపు ఉన్న పిల్లులు మూడేళ్లకు పైగా బతికాయి. రెండు, మూడు సెంటీమీటర్ల మధ్య ఉన్నవి సుమారు రెండేళ్లు. మూడు దాటినవి ఆరు నెలలు. తర్వాత వచ్చిన పరిశీలనల్లో అంకెలు అటూ ఇటూ అయ్యాయి, కొన్నింటిలో ఇంతకంటే తక్కువే వచ్చాయి, కానీ చిన్న గడ్డకూ పెద్ద గడ్డకూ మధ్య దూరం మాత్రం చెరిగిపోలేదు. ఒక్క సెంటీమీటరుకు అంత తేడా ఏమిటని మీకు అనిపించవచ్చు. గడ్డ గుండ్రంగా ఉంటుంది కదా, అడ్డుకొలత రెండు నుంచి మూడు అయితే లోపలి సరుకు ఒకటిన్నర రెట్లు అవదు, మూడు రెట్లు దాటుతుంది. అన్ని రెట్ల కణాలు, అన్ని రెట్ల రక్తనాళాలు, అవతలికి జారిపోవడానికి అన్ని దారులు.

కాబట్టి ఈ ఉత్తరం పక్కన పెట్టి బట్టలు కొలిచే టేపు తీయండి. మల్లి తిని పడుకున్నప్పుడు, వెల్లకిలా తిప్పి పోట్లాడకుండా, పక్కకు ఒరిగి ఉన్నప్పుడే కొలవండి. టేపు దొరకకపోతే పది రూపాయల నాణెం పెట్టి చూడండి. దాని అడ్డుకొలత 27 మిల్లీమీటర్లు. గడ్డ నాణెం వెనక దాగిందా, బయటికి వచ్చిందా? తేదీ వేసి అంకె రాయండి. డాక్టరుకు మీరు చెప్పగలిగే మాటల్లో దీన్ని మించినది లేదు. అలాగే ముందు కాళ్ల చంకల్లో, వెనక కాళ్ల గజ్జల్లో మెల్లగా వేళ్లు పోనిచ్చి చూడండి. అక్కడ గింజలాంటిది తగిలితే లెక్క మారుతుంది. గడ్డ కొలతనూ, జబ్బు పాకిన దూరాన్నీ బట్టి దీనికి నాలుగు దశలు కడతారు. జబ్బు ఆ చోట్ల ఉండే లింఫ్ గ్రంథులకు చేరితే, గడ్డ ఎంత చిన్నదైనా దాన్ని మూడో దశ కిందే లెక్కిస్తారు. దశల వారీగా లెక్క కట్టిన మరో పరిశీలనలో మొదటి దశ పిల్లులు 29 నెలలు, రెండో దశవి పన్నెండున్నర నెలలు, మూడో దశవి తొమ్మిది నెలలు బతికాయి. ఊపిరితిత్తుల్లాంటి దూరపు చోట్లకు పాకినవి, అంటే నాలుగో దశవి, నెల.

ఈ నెలల లెక్కను మీ అబ్బాయి చదివినట్టు చదవకూడదు. వంద పిల్లులను బతికిన కాలాన్ని బట్టి వరుసలో నిలబెడితే సరిగ్గా నడిమధ్య నిలబడిన పిల్లి ఆయుష్షు అది. సగం అంతకు ముందే పోయాయి, సగం అంతకు మించి బతికాయి. అతను చదివిన "ఏడాది" అన్ని దశల పిల్లుల్నీ, సరిగా కోసినవాటినీ, అరకొరగా కోసినవాటినీ, అసలు కోయనివాటినీ ఒకే గంపలో పోసి తీసినది. మల్లి ఆ గంపలో ఏ మూల ఉందో ఇంకా ఎవరూ చూడలేదు. చూడకుండానే "ఎలాగూ ఏడాదే" అనడం పరీక్ష రాయకముందే మార్కులు వేయడం. అబ్బాయిని నేను తప్పుపట్టడం లేదు, దూరాన ఉన్నవాళ్లకు చేతికి దొరికేది ఫోనే.

ఆలస్యం గురించి నాకు ఎందుకింత పట్టుదలో చెప్పాలి. ఉద్యోగంలో చేరిన కొత్తలో బొబ్బిలి వైపు ఒక పల్లెలో పనిచేసేవాణ్ణి. ఎడ్లు, గేదెలు, గొర్రెలు, ఎప్పుడైనా ఒక కుక్క. ఒకాయన సంచిలో పిల్లిని పెట్టుకుని వచ్చాడు. పొట్ట మీద శనగ గింజంత గడ్డ. గేదె పొదుగులు తడిమే చేతికి అదొక గడ్డలా అనిపించలేదు. "నెల ఆగి చూద్దాం" అన్నాను. ఆయన నాలుగు నెలలకు వచ్చాడు. గడ్డ పగిలి, ఈగలు ముసిరి, చంకలో ఇంకొకటి లేచింది. ఆ పిల్లి దసరా చూడలేదు. నా లెక్క ఎక్కడ తప్పిందంటే, కుక్కల పాల గడ్డల్లో సగం దాకా మామూలు గడ్డలే, నేను పిల్లికీ ఆ కొలతే వేశాను. పిల్లుల్లో ఇలాంటి గడ్డలు వందకు ఎనభై అయిదు నుంచి తొంభై దాకా క్యాన్సర్లే. అప్పటినుంచి పెద్ద పిల్లి చనుమొన దగ్గర గింజంత తగిలినా "చూద్దాం" అనే మాట నా నోట రాలేదు. మీ డాక్టరుగారూ ఆ మాట అనలేదు, "వెంటనే" అన్నారు. మంచి డాక్టరు దొరికారు.

అందుకే సిరిమాను సంబరం దాకా ఆగవద్దంటున్నాను. బఠాణీ రెండు నెలల్లో ఉసిరికాయ అయిందని మీరే రాశారు. ఇంకో ఐదు వారాల్లో ఏమవుతుందో ఆ వేగమే చెబుతోంది. వచ్చే వారం ఆపరేషన్ అయితే కుట్లు రెండు వారాలకు విప్పుతారు, ఆ తర్వాత కూడా మీకు పండక్కి వ్యవధి ఉంటుంది. అమ్మవారికి మొక్కుకుని ముందు ఈ పని చూడండి.

"కత్తి తగిలితే పాకుతుంది" అన్న మాట పూర్తిగా గాలిలోంచి పుట్టలేదు. గడ్డ ఒక్కదాన్నే నిమ్మకాయలో గింజ తీసినట్టు తీసేస్తే, చుట్టుపక్కల మిగిలిన కణాలు కొన్ని నెలల్లో మళ్లీ అక్కడే లేస్తాయి. చూసినవాళ్లకు కత్తే పాకించినట్టు ఉంటుంది. పాకించేది సగం కోత. పిల్లికి పాల గ్రంథులు రెండు వరుసల్లో, వరుసకు నాలుగు చొప్పున ఉంటాయి. ఒకదానికీ పక్కదానికీ మధ్య లోపల రాకపోకలున్నాయి. అందుకే పిల్లిలో గడ్డ చిన్నదైనా ఆ వైపు వరుస మొత్తం, గజ్జలోని లింఫ్ గ్రంథితో సహా తీసేస్తారు. రెండో వైపు కూడా తీయాలా అన్నది డాక్టరు నిర్ణయం. తీయాల్సివస్తే సాధారణంగా కొన్ని వారాలు ఆగి రెండో విడతలో తీస్తారు, ఎందుకంటే రెండు వైపులా ఒకేసారి తీస్తే ఛాతీ మీద తోలు కలిపి కుట్టడానికి చాలదు, బిగుసుకుంటుంది. కోత పొడుగు చూసి మీరు బెదిరిపోతారు, చంక నుంచి గజ్జ దాకా ఉంటుంది. పిల్లి మాత్రం మీరు అనుకున్నదానికంటే త్వరగా లేచి తిరుగుతుంది. "చిన్న కోత పెట్టండి సార్" అని మాత్రం డాక్టరును బతిమాలవద్దు. మేము మొహమాటపడే సందర్భాల్లో అదొకటి, ఆ మొహమాటం ఖరీదు పిల్లి కడుతుంది.

వయసు సంగతి. పదకొండేళ్ల పిల్లి అంటే మనిషి లెక్కలో అరవై. మీరూ నేనూ ఆ పక్కనే ఉన్నాం. మనకు ఈ వయసులో ఆపరేషన్ ఎందుకని ఎవరైనా అంటే ఒప్పుకుంటామా? మత్తు తట్టుకుంటుందా అన్నది వయసు కంటే గుండె, మూత్రపిండాలు చెబుతాయి. ముందు రక్త పరీక్ష చేయిస్తారు. ఛాతీ ఎక్స్‌రే మూడు వైపుల నుంచి, కుడికి పడుకోబెట్టి, ఎడమకు పడుకోబెట్టి, వెల్లకిలా, తీయమని మీరే అడగండి. ఒక్క వైపే తీస్తే ఊపిరితిత్తిలో మచ్చ గుండె నీడలోనో, అణగిన వైపునో దాక్కోగలదు. అర సెంటీమీటరు లోపు మచ్చలు ఎక్స్‌రేకు అందకపోవచ్చు కాబట్టి శుభ్రంగా ఉందంటే పూర్తి హామీ అని కాదు, ఆపరేషన్‌కు దారి ఉందని అర్థం. మచ్చలు స్పష్టంగా కనిపిస్తే మాత్రం పెద్ద కోతతో మల్లికి ఒరిగేది తక్కువ. అప్పుడు నేనైతే వద్దనే అంటాను.

తీసిన ముక్కను పారేయనివ్వకండి. మొత్తం ఫార్మలిన్‌లో, అంటే ముక్క కుళ్లకుండా ఉంచే మందు నీళ్లలో, పెట్టి పరీక్షకు పంపాలి. మన వైపు ఈ అడుగు దగ్గరే చాలామంది ఆగిపోతారు, గడ్డ పోయింది కదా ఇంకెందుకు డబ్బు అని. ఎందుకంటే "ఎన్నాళ్లు" అన్న మీ ప్రశ్నకు సగం జవాబు ఆ సీసాలో ఉంటుంది. రిపోర్టులో మూడు సంగతులు చూడండి: కణితి ఏ గ్రేడు (ఎంత దుడుకుదో చెప్పే అంకె), కోత అంచుల్లో కణితి మిగిలిందా, కణాలు రక్తనాళాల్లోకో లింఫ్ నాళాల్లోకో చొరబడ్డాయా. ఒకటో గ్రేడు, అంచులు శుభ్రం, నాళాలు శుభ్రం అని వస్తే మీరు పండగ చేసుకోవచ్చు. మూడో గ్రేడుతో నాళాల్లో కణాలు కనిపిస్తే, గడ్డ చిన్నదైనా రాబోయే ఏడాదంతా కన్ను వేసి ఉంచాలి. కీమో మాట ఆ రిపోర్టు వచ్చాకే. ఎక్కువగా వాడేది డాక్సోరుబిసిన్, మూడు వారాలకోసారి రక్తనాళంలోకి. దానివల్ల ఆయుష్షు ఎంత పెరుగుతుందన్న దాని మీద పరిశీలనలు ఒక్కమాట మీద లేవు. పిల్లుల్లో మూత్రపిండాల మీద కూడా కన్నేసి ఉంచాలి. ఆపరేషన్‌కే అప్పు చేసే ఇంట్లో కీమో చేయించలేదని బాధపడనవసరం లేదని నా అభిప్రాయం.

ఎక్కడికి వెళ్లాలి? మీకు గరివిడి పశువైద్య కళాశాల రైలు దారిలోనే ఉంది. పొందూరు, సిగడాం, చీపురుపల్లి దాటితే గరివిడి. అది కాకపోతే విశాఖపట్నం. ఎక్కడికైనా ముందు ఫోను చేసి రెండు ప్రశ్నలు అడగండి: పిల్లికి పాల గ్రంథుల వరుస మొత్తం తీసే ఆపరేషన్ చేస్తారా, మత్తు గ్యాస్‌తో ఇచ్చే ఏర్పాటు ఉందా? పిల్లిని పట్టుకుని వెళ్లాక లేదనిపించుకోవడం దానికీ మీకూ కష్టం.

ఇంటికి తెచ్చాక చూడాల్సింది తిండి. పిల్లి రెండు మూడు రోజులు ఏమీ తినకుండా ఉంటే ఒంట్లోని కొవ్వు వెళ్లి కాలేయంలో పేరుకుని అదొక కొత్త ప్రాణాపాయం అవుతుంది. మొదటి రోజు మూతి తిప్పుకుంటే కంగారు వద్దు, రెండో రోజూ అంతే అయితే డాక్టరుకు చెప్పండి. చేపను గోరువెచ్చగా చేసి పెట్టండి, వాసన లేస్తే తింటుంది. ఎండు నెత్తళ్ల వల్ల ఈ జబ్బు రాలేదు, ఆ నింద మీ మీద వేసుకోవద్దు. కానీ ఉప్పు చేప ముసలి మూత్రపిండాలకు మంచిది కాదు, పచ్చి నెత్తళ్లు ఉడికించి పెట్టండి. కుట్లు నాకకుండా మెడకు తొడుగు వేస్తారు. అది వేస్తే మల్లి గోడలు గుద్దుకుంటూ వెనక్కి నడుస్తుంది, మీకు నవ్వూ జాలీ కలిసి వస్తాయి. దానికి బదులు మెత్తని పాత బనియను చేతులు కత్తిరించి తొడిగితే కొన్ని పిల్లులు ఊరుకుంటాయి.

తర్వాత మూడు నెలలకోసారి పరీక్ష, డాక్టరు చెప్పినప్పుడల్లా ఛాతీ ఎక్స్‌రే. ఇంట్లో మీరు చేయగలిగినది ఇంకొకటి ఉంది. మల్లి గాఢంగా నిద్రపోతున్నప్పుడు డొక్క ఎన్నిసార్లు లేచి పడుతోందో అర నిమిషం లెక్కపెట్టి రెట్టింపు చేయండి. నిమిషానికి ముప్పై లోపు ఉండాలి. రోజూ దాటుతుంటే ఊపిరితిత్తుల్లో ఏదో జరుగుతోందనో, వాటి చుట్టూ నీరు చేరుతోందనో అర్థం. నోరు తెరిచి ఊపిరి పీలుస్తుంటే తెల్లారేదాకా ఆగవద్దు.

నాలుగు నెలల కూన గురించి అడిగారు. దానికి మీరు మల్లికి చేయలేనిది చేయగలరు. 2005లో అమెరికాలో వచ్చిన పరిశీలన ప్రకారం ఆరు నెలల లోపు గర్భసంచి, అండాశయాలు తీసే ఆపరేషన్ చేసిన పిల్లుల్లో ఈ క్యాన్సర్ ముప్పు 91 శాతం తగ్గింది. ఆరు నెలలు దాటి ఏడాది లోపు చేస్తే 86 శాతం. ఏడాది దాటి రెండేళ్ల లోపు అయితే 11 శాతమే. రెండేళ్లు దాటాక ఈ జబ్బు విషయంలో లాభం ఏమీ కనిపించలేదు. అంటే మల్లికి ఐదో ఏట చేయించిన ఆపరేషన్ దీన్ని ఆపలేకపోయింది. అది వృథా మాత్రం కాదు, గర్భసంచిలో చీము పట్టే జబ్బు నుంచి దాన్ని కాపాడింది. ఆ రోజుల్లో ఒక ఈతైనా కాకుండా ఆపరేషన్ ఏమిటని మా వాళ్లే అనేవారు, మీరు విన్నారు. కూనకు ఈ నెలలోనే తేదీ తీసుకోండి. ఆపరేషన్ బదులు పిల్లలు పుట్టకుండా ఇంజెక్షనో మాత్రలో ఉన్నాయని ఎవరైనా అంటే ఒప్పుకోవద్దు. ప్రొజెస్టిరోన్ తరహా మందులు ఈ క్యాన్సర్ ముప్పును పెంచుతాయి. అవి చేసే మరో చిత్రం కూడా ఉంది. చీపురుపల్లి నుంచి ఒక కుర్రాడు ఏడాది పిల్లిని తెచ్చాడు, ఎనిమిది గ్రంథులూ నిమ్మకాయల్లా ఉబ్బి నడవలేకపోతోంది. వాళ్లింట్లో అప్పటికే ఏడుపులు. అది క్యాన్సర్ కాదు, ఆ ఇంజెక్షన్ తెచ్చిన వాపు. తగిన వైద్యంతో తగ్గిపోయింది. వయసులో ఉన్న పిల్లికి ఒక్కసారిగా అన్నీ ఉబ్బితే ముందు అది గుర్తు చేసుకోవాలి. మల్లిది అది కాదు, వయసూ ఒంటరి గడ్డా రెండూ వేరే కథ చెబుతున్నాయి.

ఒకవేళ ఎక్స్‌రేలో మచ్చలు కనిపించి ఆపరేషన్ వద్దనుకుంటే, మీరు చేయాల్సిన పని తగ్గదు. నొప్పి మందు వేళకు పడాలి. గడ్డ పగిలితే రోజూ కడిగి, గుడ్డ కట్టి, ఈగ వాలకుండా లోపలి గదిలో ఉంచాలి. మన వానాకాలంలో ఒక్క పూటకే పురుగు పడుతుంది. తినడం, ఒళ్లు నాక్కోవడం, మీరు కూర్చున్న చోటికి వచ్చి కూర్చోవడం, ఈ మూడింటిలో రెండు మానేసిందంటే నొప్పి లేకుండా నిద్రపుచ్చడం గురించి డాక్టరుతో మాట్లాడండి. మన ఇళ్లలో ఆ మాట ఎత్తితే చెవులు మూసుకుంటారు, పాపం అంటారు. ఊపిరి అందక మూడు రాత్రులు నోరు తెరుచుకుని కూర్చున్న పిల్లిని చూసినవాడిగా నాకు ఏది పాపమో తేల్చుకోవడం కష్టం కాలేదు. కానీ మీరు ఇప్పుడు అక్కడ లేరు. ఇప్పుడు మీ ముందున్నది టేపు, ఫోను, రైలు.

ప్రయాణానికి సంచి వద్దు, మూత ఉన్న బుట్టలో మీ పాత చీర ముక్క పరిచి అందులో కూర్చోబెట్టండి. తిండి ఎప్పుడు ఆపాలో ఫోనులోనే అడగండి, నీళ్లు మాత్రం బయలుదేరేదాకా ఉంచండి. రైలు కదలగానే అరుస్తుంది. బుట్ట మీద తువ్వాలు కప్పండి, చీకటైతే సిగడాం వచ్చేసరికి ఊరుకుంటుంది.